ఒళ్ళోకొచ్చిన పుల్ల ఐసు

ఇది ఒక మహా సంగ్రామ గాథ. ఇందులో ఒక రాజ్యం ఉంది, దాన్ని కాపాడుకోవడానికి ఒంటరిగా నిలిచిన వీరుడున్నాడు, గోదావరి మీదుగా సాగిన పోరుంది. అంటే, రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే బస్సులో నా చొక్కా ఏమైందో చెబుతున్నాను. అంతకన్నా ఏమీ లేదు.

మస్కట్ నుంచి మా బాబాయి ఫోన్ చేసి, "వీసాకి ఫొటో పంపు. అందులోనైనా మనిషిలా కనబడు" అన్నాడు. అందుకని తెల్ల చొక్కాకి గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి, కిటికీ పక్క సీట్లో వీపు ఆనించకుండా కూర్చున్నాను. మనిషికీ మనిషికీ మధ్య మూరెడు దూరం ఉండాలని, దాన్ని పర్సనల్ స్పేస్ అంటారని ఫోన్‌లో ఏదో వీడియోలో విన్నాను. మా బస్సులో మూరెడు ఖాళీ కనిపిస్తే దాన్ని సీటంటారు.

తాటిపాకలో జనం ఎక్కారు. మా వైపు ఒక పద్ధతుంది: నిలబడ్డవాళ్ళ సామాను కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి వచ్చేస్తుంది. అడగడాలుండవు. కొబ్బరికాయల సంచో ఏదో అనుకుని చేతులు చాపాను. పిల్ల వచ్చింది. రెండేళ్ళుంటాయేమో. చేతిలో నారింజ రంగు పుల్ల ఐసు.

"కాస్త పట్టుకోండి బాబూ, పడిపోయేలా ఉన్నాను" అంది తల్లి, పైన కడ్డీ అందుకుంటూ.

"ఐసు మీరు తీసుకోండమ్మా."

"అది వదలదండీ. లాక్కుంటే బస్సు ఆపించేస్తుంది."

పిల్లను చొక్కాకి తగలకుండా గాల్లో పట్టుకున్నాను. పక్క సీటు పెద్దాయన కాసేపు చూశారు.

"పిల్లనా పట్టుకున్నారు, పామునా? ఒళ్ళో కూర్చోబెట్టండి."

"ఇస్త్రీ చొక్కా అండీ."

"ఆయ్. పెళ్ళిచూపులా?"

"వీసా ఫొటో అండీ."

"ఏవండోయ్, అబ్బాయిగారు ఫొటో దిగాలంట, కాస్త ఎడంగా జరగండి!" అని బస్సంతటికీ చాటించారు. ఎవరూ జరగలేదు. ముందు సీటావిడ మాత్రం వెనక్కి తిరిగి, అక్కడ వంటెవరు చేసిపెడతారని అడిగింది.

ఈలోగా పిల్ల ఐసు వెనక మొహం దాచుకుని, పక్కనుంచి తొంగి చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. మళ్ళీ తొంగి చూసింది. ఇక నా వంతు. నేను మొహం దాచుకోవాలంటే చేతులు కావాలి. చేతులు కావాలంటే పిల్ల ఒళ్ళో కూర్చోవాలి.

రాజ్యం అలా పోయింది.

బోడసకుర్రు వంతెన ఎక్కేసరికి ఇద్దరం ఆటలో మునిగిపోయాం. నేను చేతులు తీసి "బూచి!" అన్నాను. పిల్ల పకపకా నవ్వి, ఈసారి మొహానికి బదులు ఐసును దాచింది. నా చొక్కా జేబులో.

"అయ్యబాబోయ్, చొక్కా పాడుచేసేసిందండీ!" అంది తల్లి.

"పర్లేదమ్మా, పతకం పెట్టినట్టుంది" అన్నారు పెద్దాయన. "నిమ్మకాయ రుద్దండి, పోద్ది."

"నిమ్మకాయకేం పోద్దండీ, ఉప్పెయ్యాలి" అంది ముందు సీటావిడ.

అమలాపురం వచ్చేదాకా బస్సు రెండు పార్టీలైపోయింది. పిల్ల మాత్రం తల్లి చంకెక్కుతూ, ఐసు తిరిగిచ్చెయ్యమని నన్నే నిలదీసింది.

జేబును చేత్తో కప్పుకుని స్టూడియోకి వెళ్ళి, జరిగిందంతా ఫొటోగ్రాఫరుకి చెప్పుకున్నాను. ఆయన గోడ మేకుకి వేలాడుతున్న నల్లకోటు తీసి ఇచ్చారు. వీసా ఫొటోకి వెనక తెర తెల్లదట. అందులో కలిసిపోయే తెల్ల చొక్కా ఎలాగూ పనికిరాదట.