నాన్న ఆగే చోటు

నా పాటల్లో ఒక్కో లైను తర్వాత చాలాసేపు ఖాళీ ఉంటుంది. అక్కడ గిటారు కూడా మోగదు. కాలు నేలకు తట్టిన చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మొదటిసారి విన్నవాళ్ళలో ఒకాయన నెట్ పోయిందనుకుని ఫోను రెండుసార్లు ఆపి మళ్ళీ పెట్టాడట. ఇంకొకావిడ "పాట బాగుంది గానీ మధ్యమధ్యలో మర్చిపోయినట్టున్నావమ్మా" అని జాలిపడింది. కొత్త పాటల గురించి రాసే ఒకతను మాత్రం అది నా శైలి అని తేల్చేశాడు. ఆ మాట చదివి నాకు ఒళ్ళు మండింది. అది శైలి కాదు. నేను చేసిన ఒక తప్పు వల్ల వచ్చిన ఖాళీ.

మా నాన్న ముప్ఫై ఏళ్ళకు పైగా మా చర్చిలో పాట ఎత్తాడు. వారమంతా రైల్వే ఆఫీసులో ఫైళ్ళతో కుస్తీ పట్టి, ఆదివారం పొద్దున హార్మోనియం పెట్టె సంచిలో వేసి భుజానికి తగిలించుకుని రెజిమెంటల్ బజార్ సందుల్లోంచి నడిచేవాడు. ఎత్తడమంటే అందరికంటే ముందు మొదలుపెట్టడం ఒక్కటే కాదు. మా చర్చిలో పెద్దవాళ్ళు చాలామందికి చదువు రాదు. కీర్తనల పుస్తకం ఉన్నా అది చేతిలో పట్టుకోవడానికే. అందుకని నాన్న ఒక లైనులోని మాటలను సగం మాటగా, సగం రాగంగా ముందు అందిస్తాడు. అందించి ఆగుతాడు. అప్పుడు చర్చంతా ఆ లైను అందుకుని పాడుతుంది. వాళ్ళు చివరి మాటకు వచ్చేసరికి వాళ్ళ గొంతుల మీదుగా తర్వాతి లైను వచ్చి పడుతుంది. పాట పాడేది జనం. నాన్న పని వాళ్ళ నోటికి మాట అందించడం, వాళ్ళు పాడేదాకా ఆగడం. ఒక కీర్తనను మొదటి నుంచి చివరిదాకా ఆయన ఒక్కడే పాడగా నేను ఎన్నడూ వినలేదు. వినలేదన్న సంగతి కూడా నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నాన్నవి పెద్ద పెద్ద అంగలు. నాకప్పుడు ఆరేడేళ్ళు, కాలికి నిలవని చెప్పులు. చర్చికి వెళ్ళే దారిలో ప్రతి ఆదివారం వెనకబడిపోయేదాన్ని. "డాడీ! జెర ఆగు, నేను సుత వస్తున్న!" అని బజారంతా వినపడేలా అరిచేదాన్ని. మమ్మీది గుంటూరు. "సుత ఏంటే సుత? నేను కూడా అని నోరారా అనలేవూ?" అని నా జడ పట్టుకుని లాగేది. నాన్న పుట్టి పెరిగింది ఆ బజారులోనే కాబట్టి ఆయనకు ఆ మాటలో తప్పేమీ కనపడేది కాదు. నవ్వి ఆగేవాడు.

నా సంగీతం ఎక్కడిదని ఇంటర్వ్యూల్లో అడుగుతారు. చెప్పుకోదగ్గ గురువులెవరూ లేరు. నాన్న హార్మోనియం ఒకటి. మా వీధి చివర, మిలిటరీ బ్యాండులో పనిచేసి రిటైరైన ఒక ముసలాయన నేర్పిన గిటారు ఒకటి. ఆయన అసలు క్లారినెట్ మనిషి. తీగల మీద వేళ్ళు పట్టే ఏడు కార్డులు నేర్పి, "ఇగ చాలు బేటా, గింతకంటె నాకు సుత రాదు" అని నిజాయితీగా చేతులెత్తేశాడు. ఆ ఏడింటితోనే ఇప్పటికీ బండి లాగుతున్నాను. వీటికి తోడు, పెళ్ళిళ్ళ రోజుల్లో రాంగోపాల్‌పేట్ వైపు నుంచి వచ్చే బ్యాండు మేళాలు. పాటలు మాత్రం నావే. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూడటం, బస్సులో నిలబడి నిద్రపోయే ఆడవాళ్ళు, మా మేడ మీద ఎండే బట్టలు, ఇలాంటివాటి గురించి మేం ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో రాస్తాను. "సినిమాల్లో పాడుతున్నావా?" అని గుంటూరు పిన్ని ఫోనులో అడుగుతుంది. లేదంటే "పోనీ టీవీలోనా?" అంటుంది. అదీ లేదంటే సంబంధాల మాట ఎత్తుతుంది.

మేం యాప్రాల్‌లో ఫ్లాటుకు మారాక నా గదే నా స్టూడియో అయింది. కిటికీకి బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ పాడేదాన్ని. పాడటం కంటే శుభ్రం చేయడం ఎక్కువ నేర్చుకున్నాను. ఊపిరి తీసిన చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, పక్క ఫ్లాటు కుక్కరు విజిలు, అన్నీ బియ్యంలో రాళ్ళలా ఏరి పారేసేదాన్ని. నా రికార్డింగులో ఒక్క మరక ఉండదని అందరి దగ్గరా గొప్పలు పోయేదాన్ని.

మూడేళ్ళ కిందట నాన్న గొంతులో గడ్డ కనపడింది. అది స్వరపేటిక నరానికి అంటుకుని ఉందని, తీయక తప్పదని, మాట పోతే పోవచ్చని డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. "ప్రాణముంటె చాలు సార్" అన్నాడు నాన్న. ఆపరేషనుకు ఇంకా పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజుల్లో ఆయన గొంతును ఎలాగైనా దాచిపెట్టాలని పట్టుబట్టాను.

"నీ పాటలన్నీ రికార్డ్ చేద్దాం డాడీ."

"నా పాటలేందమ్మా? అవి చర్చి పాటలు."

"అవే. నీ గొంతు తోటి."

నాన్నను మైకు ముందు కూర్చోబెట్టాను. మమ్మీ కుక్కరు అటక మీద పెట్టేసి, ఆ పన్నెండు రోజులూ అన్నం గంజి వార్చి వండింది. మొదటి రోజు మొదటి కీర్తన. చర్చిలోలా హడావుడిగా కాకుండా నిండుగా, రాగం తీసి పాడమన్నాను. నాన్న ఒక లైను అలాగే పాడాడు. ఎంత బాగా పాడాడో! పాడి, ఆగాడు. నావైపు చూశాడు.

"ఏమైంది డాడీ?" అన్నాను హెడ్‌ఫోన్స్ పక్కకు జరిపి.

"అందుకో మరి."

"నేను పాడితే మైక్‌ల పడ్తది. నువ్వొక్కనివే పాడాలె, ఆపకుండ."

"ఆపకుండ ఎట్లమ్మా? జనం పాడొద్దా?"

మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ లైను చివర ఆగిపోయాడు. కావాలని కాదు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ ఆగడం అలవాటైన గొంతు దానంతటదే ఆగిపోయేది. నాకు చిరాకు పెరిగింది. రోజులు అయిపోతున్నాయన్న భయం కూడా చిరాకులాగే బయటికి వచ్చింది. "సరే, నీకెట్ల వస్తె అట్ల పాడు. ఖాళీలు నేను తర్వాత కట్ చేస్త" అన్నాను. ఆయన తలూపాడు. ఆ ఖాళీల్లో ఆయన పెదాలు చప్పుడు లేకుండా కదిలేవి. చెయ్యి తొడ మీద తాళం వేసేది. ఇప్పుడైనా అందుకుంటావా అన్నట్టు నన్ను చూసి కనుబొమలు ఎగరేసేవాడు. ఒకసారి నేనూ ఉండబట్టలేక నోరు తెరవబోయాను. రికార్డింగు పాడవుతుందని గుర్తొచ్చి, నోరు మూసి, పెదాల మీద వేలు పెట్టి ఆయనకు చూపించాను. ఆ తర్వాత ఆయన నన్ను అడగలేదు. నలభై కీర్తనలు అలాగే పాడాడు.

గడ్డ మొత్తం తీసేశారు. గొంతు మాత్రం తిరిగి రాలేదు. మిగిలింది గుసగుస. చెవి దగ్గర పెడితేనే అర్థమయ్యే గుసగుస. ఆస్పత్రి వరండాలో కూర్చుని నేను ల్యాప్‌టాప్‌లో నా పని చేసుకున్నాను. ఖాళీలన్నీ తీసి లైను వెనక లైను అతికించాను. తొడ మీద తాళం, గొంతు సవరింపు, లైను ఎత్తేముందు ఆయన పీల్చుకునే ఊపిరి, అన్నీ పోయాయి. ఒక్కో కీర్తన మూడో వంతుకు వచ్చింది. ల్యాప్‌టాప్‌లో చోటు లేక, కట్ చేయని పాత ఫైళ్ళన్నీ చెరిపేశాను. ఇల్లు కడిగి ముగ్గు పెట్టినంత తృప్తి.

ఆయన ఇంటికి వచ్చి కుదురుకున్నాక ఒక సాయంత్రం హాల్లో కూర్చోబెట్టి స్పీకరు పెట్టాను. నాన్న గొంతు ఇల్లంతా నిండింది. మమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదటి లైను అయిపోగానే నాన్న పెదాలు కదపబోయాడు. అప్పటికే రెండో లైను వచ్చేసింది. తాళం వేయడానికి లేచిన చెయ్యి ఎక్కడ పడాలో తెలియక గాల్లోనే ఉండిపోయింది. రెండు మూడు లైన్లు ప్రయత్నించి ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. పాటయ్యాక నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"జనం ఏరమ్మా?"

"జనం యాడున్నరు డాడీ? మనిద్దరమే గద కూసున్నది."

"వాళ్ళు పాడే జాగా?"

"అది... తీసేసిన."

నాన్న నా చెయ్యి తట్టి "బాగుందిలే" అన్నాడు. కూరలో ఉప్పు మరిచిపోయినప్పుడు మమ్మీతో అనే మాట అది.

గదిలోకి పరిగెత్తాను. ఖాళీలు మళ్ళీ పెట్టొచ్చనుకున్నాను. లైనుకూ లైనుకూ మధ్య అంతే సేపు నిశ్శబ్దం అతికించి విన్నాను. అది వట్టి నిశ్శబ్దం. అందులో ఎవరూ లేరు. నేను చెరిపేసినదాంట్లో ఆయన ఊపిరి ఉంది, తాళం ఉంది, అందుకుంటావా అని నన్ను చూసిన చూపు ఉంది. చూపు మైకులో పడదని అనుకున్నాను. పడిందని పోయాక తెలిసింది. బాత్రూములో కుళాయి తిప్పి చాలాసేపు ఏడ్చాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు, నా మీద తప్ప.

చర్చిలో పాట ఎత్తేవాళ్ళు లేక ఆ నెలంతా ఆరాధన కుంటుతూ నడిచింది. నాన్న నన్ను ముందుకు నెట్టాడు. మైకు ముందు, స్టేజి మీద ఎన్నోసార్లు పాడినదాన్ని కదా అని ధీమాగా వెళ్ళాను. కళ్ళు మూసుకుని, నాకు నచ్చిన శృతిలో, నాకు అలవాటైన విరుపులతో మొదటి లైను అందించాను. ఒక్కరూ అందుకోలేదు. ముందు వరసలో కూర్చునే ఆకుకూరలమ్మే అవ్వ అందరికీ వినపడేలా అంది:

"కండ్లు మూసుకుంటె నేను నీ నోరెట్ల చూడాలె బిడ్డా? గంత పైకి ఎవరెక్కుతరు?"

అందరూ నవ్వారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాన్న పక్క బెంచీలోంచి అరచేయి కిందికి తిప్పి మెల్లగా దించాడు. శృతి దించాను. ఇంకా దించమన్నాడు. దించాను. అది నా గొంతుకు ఏమాత్రం అందం తెచ్చే శృతి కాదు. అవ్వ నోటినే చూస్తూ మాటలు విడివిడిగా అందించి ఆగాను. ఒక్క క్షణం ఏమీ లేదు. నాన్న చెయ్యి తొడ మీద పడింది. చర్చంతా అందుకుంది. అన్నేళ్ళు నాన్న నిలబడిన చోట నిలబడి, నేను నోరు మూసుకుని వాళ్ళ పాట విన్నాను. స్టేజి మీద నాకు ఎప్పుడూ అంత సంతోషం కలగలేదు.

ఆ తర్వాత నేను రాసిన పాటలన్నింట్లో ఆ జాగా వచ్చి చేరింది. కిటికీ బొంతలు తీసేశాను. ఊపిరి ఏరి పారేయడం మానేశాను. ఎవరైనా అందుకుంటారా, అక్కర్లేని ఖాళీగానే మిగిలిపోతుందా అన్నది నా చేతిలో లేదు. నాకు కావలసిందల్లా ఒక్కరు అందుకోవడం. ఆ ఒక్కరూ నాన్న. ఆయనేమో చర్చిలో కూడా, ఆపరేషను తర్వాత, పెదాలు బిగించుకునే కూర్చునేవాడు. అందించే మనిషికి అందుకోవడం అలవాటు లేదు. పైగా గుసగుసను పాటంటారా అని సిగ్గు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాన్న, మమ్మీ హాల్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. కొత్త పాట పెట్టాను. రెజిమెంటల్ బజార్‌లో ఆయన వెనక నడిచిన నడక మీద రాసిన పాట.

"పెద్ద పెద్ద అంగలేస్తు పోతున్నవు" అని నా గొంతు పాడి ఆగింది. ఖాళీలో నా కాలి తాళం. నాన్న స్పీకరు వైపు చూశాడు.

"పెట్టె బరువు భుజం మీదనె ఉన్నది." మళ్ళీ ఖాళీ. నాన్న చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"జెర ఆగు, నేను సుత వస్తున్న."

నాన్న చెయ్యి తొడ మీద పడింది. ఒక దెబ్బ, రెండు దెబ్బలు. పెదాలు విడివడ్డాయి. గొంతు లేదు, శృతి లేదు, గాలి మాత్రమే ఉంది. కానీ మాటలన్నీ ఉన్నాయి.

"జెర ఆగు... నేను సుత వస్తున్న..."

మమ్మీ తల వంచుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది. సుత అన్నందుకు ఈసారి ఏమీ అనలేదు. ఆ పాటలో ఆ లైను రెండుసార్లు వస్తుంది. రెండోసారి వచ్చినప్పుడు నాన్న నావైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. నేను అందుకున్నాను.