రెండు మిషన్లు, ఒక డ్రా

టాటానగర్‌లో మా క్వార్టర్ల దగ్గరి క్లబ్బులో చదరంగం సెక్రటరీకి ఆట రాదని అందరికీ తెలుసు, ఆయనకి తప్ప. గుర్రం ఎటు దూకుతుందో పక్కవాడు చెప్పాలి. ఎనభైల్లో అలాంటి మనిషికి బావమరిది సింగపూర్ నుంచి చదరంగం ఆడే మిషన్ తెచ్చిచ్చాడు. కోతికి కొబ్బరిచిప్ప దొరికింది. ఆ తర్వాత క్లబ్బులో ఎవరు ఏ ఎత్తు వేసినా, ఆయన మిషన్‌ని అడిగి మరీ తప్పు పట్టేవాడు.

ఆ ఏడు కలకత్తా పోటీకి మా క్లబ్బు నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. చివరి ఆట నాకూ, ఒక హెడ్ క్లర్కు గారికీ పడింది. ఆయన అప్పటికే చాలాసార్లు కలకత్తా వెళ్లొచ్చాడు. అక్కడ ఏం గెలిచాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేను రైల్వే ఫిట్టరు కూతుర్ని. రైళ్లు చూస్తూ పెరిగానే గాని ఆడటానికని ఎప్పుడూ రైలెక్కలేదు. గెలిస్తే నేను వెళ్తాను. డ్రా అయితే ఆయనే వెళ్తాడు, ఎందుకంటే అప్పటికి ఆయన నాకన్నా సగం పాయింటు ముందున్నాడు.

ఆట మధ్యలో హాలు ఖాళీ చెయ్యమన్నారు. సాయంత్రం అందులో ఎవరిదో పెళ్లి విందట. అలా ఆగిన ఆటని, బల్ల మీద పావులు ఎలా ఉన్నాయో చూసి ఆట తెలిసినవాళ్లు తేల్చడం మా దగ్గర ఆనవాయితీ. ఈసారి ఆ పెద్దరికం తన మిషన్‌దే అన్నాడు సెక్రటరీ.

ఆట ఆగే ముందే నేను నా ఏనుగుని హెడ్ క్లర్కు రాజు పక్కన పెట్టాను. దాన్ని తీసుకోకపోతే ఆటకట్టు. తీసుకుంటే, నా మంత్రీ గుర్రమూ కలిసి ఆ రాజుని తరిమి తరిమి, చివరికి ఆయన మంత్రినీ, దానితో పాటు ఒక బంటునీ పట్టుకుంటాయి. అంతా చూసుకునే పెట్టాను.

సెక్రటరీ ఆ పావులన్నీ మిషన్‌కి ఎక్కించి, తొందరగా జవాబిచ్చే మీట నొక్కాడు. రెప్పపాటులో ఎర్ర అంకె వెలిగింది. నాకు ఐదు బంట్లంత నష్టమట. ఆ మీట నొక్కితే అది రెండు మూడు ఎత్తులు చూసి ఆగిపోతుంది. ఏనుగు పోవడం చూసింది. తర్వాత వచ్చేది చూడకుండానే దుకాణం కట్టేసింది.

"సార్, దానికి ఇంకాసేపు టైమివ్వండి" అన్నాను.

"టైమెందుకమ్మాయ్? నువ్వు గంట ఆలోచిత్తావు, అది టక్కున చెప్పేత్తాది. అందుకే గదా దాన్ని మిషన్ అన్నారు!"

నేను ఊరుకోలేదు. ఊళ్లోనే సాక్చి పేటలో ఒక పళ్ల డాక్టరు దగ్గర ఇంకో మిషన్ ఉంటే, మర్నాడు ఆయన్ని బతిమాలి క్లబ్బుకి తెచ్చాను. ఆయన అవే పావులు దానికి ఎక్కించి, తీరిగ్గా ఆలోచించుకునేలా పెట్టాడు. మొదట అదీ నాకు నష్టమే అంది. మేము టీలు తాగి సమోసాలు తినేసరికి దాని మాట మారింది. నాకు ఐదు బంట్లంత లాభం అని చూపించింది.

సెక్రటరీ రెండు అంకెల వంకా చూసి, జేబులోంచి పెన్ను తీశాడు.

"అది మైనస్ అయిదు, ఇది ప్లస్ అయిదు. రెండూ కలిపితే సున్నా. బరాబర్. డ్రా!"

ఒక్కడూ నవ్వలేదు. పైగా బుర్రలూపారు. సాక్చి బజారులో రెండు తరాజులు రెండు బరువులు చూపిస్తే, రెండూ కూడి సగానికి డబ్బిచ్చే వెర్రివాడు ఎక్కడా ఉండడు. మా క్లబ్బులో మాత్రం ఉన్నాడు, సెక్రటరీ కుర్చీలో.

"ఆ ఏనుగుని తీసుకోండి సార్, ఇక్కడే ఆడేద్దాం" అన్నాను హెడ్ క్లర్కుతో, నిన్నటి పావుల్ని బల్ల మీద మళ్లీ అలాగే పేర్చి. ఆయన బల్ల వంక చాలాసేపు చూశాడు. చెయ్యి మాత్రం కదపలేదు. ఆయనకి తెలుసు.

"ఫైసలా హో గయా నా, బేటీ" అన్నాడు, తీర్పు అయిపోయింది కదమ్మా అని. ఇరకాటంలో పడితే ఆయన తెలుగు మరిచిపోయేవాడు.

ఇంటికి పోతుంటే, నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మా నాన్న సైకిల్ నడిపించుకుంటూ, ఎదురైన ప్రతివాడికీ సంబరంగా చెబుతున్నాడు. "మా పిల్ల హెడ్ క్లర్కు గారితో బరాబర్ చేసింది!"

నాకు ఒళ్లు మండిపోయింది. "బరాబర్ కాదు నాన్నా, గెలిచాను. ఆ సెక్రటరీ ఒట్టి దద్దమ్మ" అని, ఎత్తు తర్వాత ఎత్తు అంతా చెప్పాను. నాన్న ఆగి, ఓపిగ్గా చివరిదాకా విన్నాడు.

"మిషన్లే తేల్చనేకపోనాయి గదమ్మా" అన్నాడు ప్రేమగా. "ఆడపిల్లవి, నీకెలగ తెలుత్తాదే?"

దద్దమ్మ అన్న మాట నా నోట్లోనే ఉంది. నాన్నని అనలేకపోయాను. ఆయన సైకిల్ వెనకాలే ఏడుస్తూ ఇంటిదాకా నడిచాను.