నిండు బొక్కెన వేగం

ఊళ్లో రజాకార్ల భయం ముదిరినప్పుడు నాయిన నన్ను కట్టంగూర్ పక్కనున్న మా ఊరి నుంచి తెచ్చి పాలమూరులో మేనమామ ఇంట్లో దించాడు. అక్కడ బడిలో చేరాను. లెక్కలు మాత్రం తలకెక్కలేదు. పోలీసు చర్య అయ్యాక నాయిన వచ్చి, "రజాకార్లు పోయిండ్రు. ఈసారి లెక్కలల్ల తప్పితే ఇంటికి నడువు," అని చెప్పిపోయాడు. నాకు బడి వదలాలని లేదు. ఆ మాట డైరీలో రాసుకున్నానే గాని ఎవరితోనూ అనలేదు.

ఆ రోజుల్లోనే మామ డేరా సినిమాకు తీసుకెళ్లాడు. అసలు కథకు ముందు, గీసిన బొమ్మలే ఉరికే చిన్న ఫిల్ము వేశారు. ఒక ఎలుక బల్ల మీంచి దూకింది. ఇల్లు చేరినా ఆ దూకుడే కళ్లలో ఉంది. పాత పుస్తకం మూలల్లో, పేజీకొక బొమ్మ చొప్పున, అమ్మ బావిలో నీళ్లు చేదడం గీశాను. పేజీలు గబగబా వదిలితే అమ్మ కదిలేది.

లెక్కల గంటలో పంతులమ్మకు దొరికిపోయాను. చింపేస్తుందనుకున్నాను. ఆమె బొటనవేలితో పేజీలు వదిలి చూసింది.

"నిండు బొక్కెన, ఒట్టి బొక్కెన ఒక్క తీరే పోతాంది. మీ బాయిల నీళ్లు లేవా పిల్లా?"

అందరూ నవ్వారు.

"మరి ఎట్ల గియ్యాలె పంతులమ్మా?" తలెత్తకుండానే అడిగాను. బడిలో నేనడిగిన మొదటి ప్రశ్న అదే.

ఆమె గళ్ల కాగితం తెచ్చింది. పేజీ తిరగడానికి పట్టే సమయం ఎప్పుడూ ఒకటే. మారేది బొక్కెన జరిగే దూరం. ఒట్టిది దిగేటప్పుడు బొమ్మకూ బొమ్మకూ ఎడం ఎక్కువ, నిండుది ఎక్కేటప్పుడు తక్కువ. చుక్కలు పెట్టి కలిపితే, లెక్కల్లో నన్నింతకాలం ఏడిపించిన గ్రాఫు గీతే వచ్చింది.

"బొంబాయిల గీ బొమ్మలు గీసేటోళ్లు గిట్లనే లెక్క కడ్తరంట. అదే వాళ్ల కొలువు," అంది.

పరీక్ష పాసయ్యాను. అయినా నాయిన తీసుకుపోవడానికే వచ్చాడు. "ఇగ చాలు బిడ్డా. అమ్మకు చేతికింద ఎవ్వరు లేరు," అన్నాడు. ఆ సాయంత్రం పంతులమ్మ మామ ఇంటికొచ్చి, నేను మళ్లీ గీసిన పుస్తకం నాయిన చేతిలో పెట్టింది. ఇంతవరకూ నాకోసం అట్లా నడిచి వచ్చినవాళ్లు లేరు.

నాయిన పేజీలు వదిలాడు. మళ్లీ వదిలాడు.

"నిండు బొక్కెన గిట్లనే వస్తది," అన్నాడు. చివరి బొమ్మ మీద వేలు పెట్టి, "గని మీ అమ్మ నడుము ఇంక జర వంగుతది."

"దిద్దుత నాయినా. ఏడాది పడ్తది."

"మెట్రిక్ దాకా పడ్తది," అంది పంతులమ్మ, నవ్వకుండా.

నాయిన ఒక్కడే బస్సెక్కాడు. అమ్మకు చూపిస్తానని పుస్తకం అంగీ జేబులో పెట్టుకున్నాడు.