సింబల్స్ వినిపించని రివ్యూలు

2022 వానాకాలం. జనగామ బస్టాండుకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక ఈఎన్‌టీ డాక్టరుగారి దవాఖాన పై అంతస్తులో నాకో గది ఉండేది. నేను ఆడియాలజిస్టును. అంటే వినికిడి పరీక్షించి, అవసరమైనవాళ్ళకు హియరింగ్ ఎయిడ్ అమర్చే పని నాది. ఎక్కువగా వచ్చేది అరవై దాటినవాళ్ళు, మాటలు రాని చిన్నపిల్లలు. పాటలు సరిగ్గా వినిపించడం లేదని నా దగ్గరికి ఎవరూ వచ్చి ఎరగరు. విశ్వనాథం గారు కూడా అందుకోసం రాలేదు. ఆయనను భార్య తీసుకొచ్చింది. (పేర్లు మార్చాను. మిగతాదంతా ఆయన అనుమతితోనే రాస్తున్నాను.)

ఆయనది మహబూబాబాద్. అప్పటికి యాభై మూడేళ్ళు. తండ్రి కాలం నుంచీ పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు ఉంది. ఇరవై ఏళ్ళ వయసు నుంచి రోజూ ఆ యంత్రాల పక్కనే నిలబడి పని చేయించిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెడలో పెద్ద హెడ్‌ఫోన్లు. కూతురు ఫోన్లో ఒకటి చెబితే ఈయన ఇంకోటి వింటున్నాడనీ, వంటింట్లోంచి పిలిస్తే పలకడం లేదనీ భార్య చెబుతుంటే ఆయన గోడ మీది చార్టు చదువుతూ కూర్చున్నాడు.

ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ చేశాను. బయటి చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, లావు స్వరం నుంచి సన్న స్వరం దాకా ఒక్కో శబ్దాన్ని తగ్గించుకుంటూ వినిపిస్తాం. వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. ఆ లెక్కతో గీసే గీతను ఆడియోగ్రామ్ అంటారు. ఆయన గీత రెండు వేల హెర్ట్జ్ దాకా బాగానే నడిచి, అక్కడి నుంచి నిటారుగా కిందికి పడింది. యంత్రాల హోరులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో ఇది మామూలే. లావు శబ్దాలు బాగా వినిపిస్తాయి కాబట్టి చెవులు బాగున్నాయనే అనుకుంటారు. స, ష, ఫ లాంటి అక్షరాలు మాత్రం జారిపోతుంటాయి.

రెండు చెవులకూ మెషీన్లు పెట్టుకోవాలని చెప్పాను. ఆయన మర్యాదగానే కాదన్నాడు.

"నా చెవులు మంచిగనే ఉన్నయ్ మేడం. నేను ముప్పై ఏండ్లసంది సంగీతం వింటున్న, దాని మీద రాస్తున్న. గిటారు మీద ఒక్క తీగె తప్పినా పట్టుకుంట. ఇప్పటోళ్ళ రికార్డింగులే ఖరాబైనయ్. సింబల్స్ గూడ సక్కగ రికార్డు చేస్తలేరు."

సింబల్స్ అంటే డ్రమ్ముల పైన ఉండే ఇత్తడి పళ్ళేలు. వాటి మెరుపంతా నాలుగు వేల హెర్ట్జ్ పైనే ఉంటుంది. సరిగ్గా ఆయన గీత పడిపోయిన చోటు. ఆ మాట అప్పుడే చెప్పలేదు. ఆయన రాసేదేమిటో చూడాలనిపించి పేజీ పేరు అడిగి రాసుకున్నాను.

ఆ ఆదివారమంతా అదే చదివాను. ప్రోగ్రెసివ్ రాక్, మెటల్ అనే సంగీతం మీద తెలుగులో ఒక్క మనిషి పదకొండేళ్ళుగా రాసిన రివ్యూలవి. ఒక్కో పాట పావుగంట, ఇరవై నిమిషాలు ఉంటుందట. మధ్యలో తాళం మారుతుంది, ఏడు దెబ్బల లెక్క కాస్తా పదకొండవుతుంది, ఉన్నట్టుండి హోరు ఆగి ఒక్క వేణువే మిగులుతుంది. ఆ సంగీతం నేనెన్నడూ వినలేదు. అయినా చదువుతుంటే వినాలనిపించింది. రెండు కాళ్ళతో వాయించే డ్రమ్ము గురించి చెబుతూ, జిన్నింగు మిషను కొత్త బెల్టుతో అందుకున్నప్పటి నడక అని రాశాడు. ఏడు దెబ్బల తాళం లెక్కపెట్టడం రానివాళ్ళకు, బస్తాలు మోసే హమాలీ అడుగులతో పోల్చి నేర్పాడు. ఎక్కడా డాంబికం లేదు. కింద నల్లగొండ నుంచీ శ్రీకాకుళం నుంచీ కుర్రవాళ్ళు అడిగిన ప్రశ్నలకు ఒక్కొక్కరికీ ఓపికగా జవాబు ఇచ్చాడు.

పాతవాటి నుంచి కొత్తవాటి దాకా వరసగా చదివాను గనుకే నాకు ఇంకొకటి కనిపించింది. మొదటి ఏళ్ళలో సింబల్స్ గురించి పేరాలు పేరాలు ఉన్నాయి. ఏడో ఏడు దాటాక ఆ ప్రస్తావన పలచబడింది. ఆ తర్వాత నింద మొదలైంది. ఫలానా ఆల్బమ్ మొద్దుగా ఉంది, ఫలానా బ్యాండుకు మెరుపు లేదు, ఇంజనీరు దుప్పటి కప్పి రికార్డు చేశాడు. పాత ఆల్బమ్‌ల గురించి మళ్ళీ రాసినప్పుడు మాత్రం ఏ ఫిర్యాదూ లేదు. అది నాకు అర్థమైంది. వందలసార్లు విన్న పాటలో చెవి అందించనిదాన్ని జ్ఞాపకం పూరిస్తుంది. కొత్త పాటకు ఆ ఆసరా ఉండదు.

నా దగ్గరున్న ఏ పరికరమూ ఒక మనిషి వినికిడి తగ్గిన దారిని ఏడాది ఏడాదికీ అంత స్పష్టంగా చూపించి ఉండేది కాదు.

ఫోన్ చేసి రమ్మన్నాను. ఈసారి ఒక్కడే వచ్చాడు. ఆయన రాసిన ముక్కలనే వరసగా కాగితం మీద పెట్టి, పక్కన ఆడియోగ్రామ్ పెట్టాను. తలెత్తకుండా చదివాడు. ఎప్పటి నుంచి ఇట్లా అయి ఉంటుందని అడిగాడు. నాలుగైదేళ్ళయి ఉంటుందన్నాను. మెషీన్లు పెట్టమన్నాడు.

అక్కడితో పని సులువవుతుందనుకున్నాను, కాలేదు. హియరింగ్ ఎయిడ్ తయారుచేసేది మాట కోసం. మెషీన్‌లోంచి కుయ్యిమని కూత రాకుండా ఆపే ఫీడ్‌బ్యాక్ క్యాన్సలర్ అని అందులో ఒకటి ఉంటుంది. కీబోర్డు మీద ఒక స్వరాన్ని సాగదీసి పట్టుకుంటే, అది దాన్ని కూత అనుకుని నొక్కేయాలని చూస్తుంది. స్వరం వణుకుతుంది. పెద్ద శబ్దం రాగానే మెషీన్ తనంతట తాను తగ్గించుకుంటుంది. మెటల్ సంగీతంలో అన్నీ పెద్ద శబ్దాలే. మొదటిసారి పెట్టుకుని వెళ్ళిన వారానికి విశ్వనాథం గారు రెండు కాగితాల నిండా రాసుకొచ్చాడు. ఏ పాటలో ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గర ఏ వాయిద్యం ఎట్లా చెడిందో అంతా. మామూలుగా పేషంట్లు "గుయ్యిమంటుంది" అని చెబుతారు. ఈయన "కీబోర్డు స్వరం నీళ్ళల్ల కదిలినట్టు కదులుతుంది, గిటారు రాంగనే డ్రమ్ములు ఎనుకకు పోతున్నయ్" అని చెప్పాడు. దేన్ని మార్చాలో ఆ మాటలే నాకు చూపించాయి. నాలుగుసార్లు కూర్చుని, సంగీతానికని వేరే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేశాం. పదేళ్ళ సర్వీసులో అంత నేర్చుకున్నది లేదు.

నాలుగోసారి నా గదిలోని స్పీకర్లలో ఒక ఆల్బమ్ పెట్టమన్నాడు. భూపాలపల్లి పిల్లలు నలుగురు కలిసి చేసిందట. ఒక పాట సగం దాకా విన్నాడు. మెషీన్లు తీసి విన్నాడు, మళ్ళీ పెట్టుకుని విన్నాడు.

"ఉన్నయ్ మేడం. అన్నీ ఉన్నయ్," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఏడాది కింద ఆ ఆల్బమ్ మీద కటువుగా రాశాడట. డ్రమ్మర్ స్రవంతి అనే అమ్మాయి. కుడిచేయి బద్ధకమనీ, సింబల్స్ మీద చేయి పెట్టడానికే భయపడుతోందనీ రాశాడు. తెలుగులో ఆ సంగీతం గురించి రాసేవాడు ఈయన ఒక్కడే కాబట్టి ఆ మాట అందరూ నమ్మారు. ఆ తర్వాత ఆ బ్యాండు నుంచి ఇంకో పాట రాలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళాక, తప్పు ఒప్పుకుంటూ ఆమెకు రెండు ఉత్తరాలు మెయిల్ చేశాడు. జవాబు లేదు. మూడోదానికి ఒక్క ముక్క వచ్చింది, వస్తే రండి అని.

నన్ను తోడు రమ్మన్నాడు. ఎదురుగా డ్రమ్ములు మోగుతుంటే మెషీన్లు ఎట్లా పనిచేస్తాయో చూడాలని నాకూ ఉంది. లాప్‌టాప్ పట్టుకుని ఆయన కారులో బయలుదేరాను. హన్మకొండ, పరకాల మీదుగా వెళ్ళాం.

స్రవంతి వాళ్ళది చెల్పూర్. నాన్న థర్మల్ ప్లాంటులో ఉద్యోగి. ఆమె భూపాలపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఇంటి పక్కన మూతబడ్డ దుకాణం షట్టరు ఎత్తి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. గోడలకు పాత పరుపులు కట్టి ఉన్నాయి, మధ్యలో డ్రమ్ములు. మంచినీళ్ళు ఇచ్చి, ఎదురుగా నిలబడింది. కూర్చోలేదు.

"మీరు రాసినంక నేను సింబల్స్ గట్టిగ కొట్టుడు మొదలువెట్టిన సార్," అంది. "మణికట్టు వాసింది. పాట ఖరాబైంది. మావోళ్ళు మంచిగనే ఉండె అన్నా నేను ఇనలే. మీరు చెప్పిన్రు గదా అని, తప్పు నాదే అనుకున్న."

ఆమె కోపంగా అనలేదు. అందుకే వినడం కష్టమైంది.

విశ్వనాథం గారు లేచి నిలబడ్డాడు. "నా చెవి పోయిందమ్మా. కని తప్పంత చెవి మీదికి నూకెయ్య. చూపిచ్చుకోమని ఇంట్ల మూడేండ్లసంది చెప్తున్నరు. చూపిచ్చుకోకుంటనే నీ మీద తీర్పు చెప్పిన. గది నా తప్పు."

స్రవంతి కాసేపు ఆయన చెవుల వైపు చూసింది. ఇప్పుడు వినిపిస్తుందా అని అడిగింది. చాలా మటుకు వినిపిస్తుందన్నాడు. అయితే గోడ వైపు తిరిగి కూర్చోండి అంది. తను కొట్టేది ఏదో చూడకుండా చెప్పాలట. నేను రోజూ చేసే పరీక్షే అది. పరుపుల గదిలో, తన పళ్ళేలతో ఆమె మొదలుపెట్టింది.

యాభై మూడేళ్ళ మిల్లు యజమాని పరుపు కట్టిన గోడకు మొహం పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె మెల్లగా ఒక్కోటీ కొట్టింది. పెద్దది, అంచు మీద. అదే పెద్దది, నడుమ బొడిపె మీద. కాలితో మూసి తెరిచే జోడు. ఆయన ఒక్కోదాని పేరూ చెప్పాడు, డ్రమ్ము పుల్ల మొనతో కొట్టిందో పక్కతో కొట్టిందో కూడా. నేను లాప్‌టాప్ తెరవడం మరిచిపోయి చూస్తున్నాను. ఆమె అన్నిటికంటే చిన్న పళ్ళేన్ని, గోటితో మీటినంత సన్నగా తాకింది. నాకు వినిపించింది. ఆయన కదల్లేదు. ఆమె ఇంకోసారి తాకింది.

"ఏమన్న కొట్టినవా అమ్మా?"

"కొట్టిన సార్."

"గదైతే నాకు ఇనవడ్తలేదు," అన్నాడు. "అంత సన్నటియి ఇగ ఇనవడయట. మేడం ముందుగాలనే చెప్పింది."

ఊహించి ఏదో పేరు చెప్పి ఉండొచ్చు. ఆ గదిలో మిగిలిన పళ్ళెం అదొక్కటే, ఊహ తప్పేది కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. స్రవంతి పుల్లలు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, ఇటు తిరగండి సార్ అని, ఆ ఆల్బమ్‌లోని పొడుగాటి పాటను మొదటి నుంచి చివరిదాకా వాయించింది. నేను ఆ సంగీతం ఎదురుగా వినడం అదే మొదటిసారి. గుండెల్లో కొట్టినట్టుంది. అంత హోరు మధ్యన ఆమె కుడిచేయి మాత్రం పల్చగా, తొందర లేకుండా తిరుగుతోంది. బద్ధకం అని రాసింది ఆ చేతి గురించే. విశ్వనాథం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చాక ఆయన చేసిన పని నేను ఇప్పటికీ మా జూనియర్లకు చెబుతుంటాను. ఆ నాలుగైదేళ్ళలో రివ్యూ రాసిన ఆల్బమ్‌లన్నీ మళ్ళీ విన్నాడు. పాత రివ్యూ ఒక్కటీ తీసేయలేదు. ప్రతిదాని పైన, తన చెవి లోపం వల్ల ఏది తప్పు రాశాడో విడమరిచి చేర్చాడు. నా దగ్గర ఆడియోగ్రామ్ తీసుకుని పేజీ మొదట్లోనే పెట్టాడు. వెక్కిరించినవాళ్ళు వెక్కిరించారు. చెవిటాయన రివ్యూలు అన్నారు. ఆయన వాళ్ళకు కూడా మునుపటి ఓపికతోనే జవాబిచ్చాడు. ఇప్పుడు ప్రతి కొత్త రివ్యూ కింద, ఆయనకు అందని సన్నటి శబ్దాల సంగతి స్రవంతి ఒక పేరా రాస్తుంది. కొన్నిసార్లు ఆయనతో ఒప్పుకోదు కూడా. ఆ పేరా కోసమే చదివేవాళ్ళున్నారని ఆయనే గర్వంగా చెబుతాడు. వాళ్ళ బ్యాండు మళ్ళీ పాటలు చేస్తోంది. నలుగురూ ఒకనాడు జనగామ వచ్చి, చెవి అచ్చులు ఇచ్చి, వాయించేటప్పుడు పెట్టుకునే మ్యుజీషియన్స్ ఇయర్‌ప్లగ్స్ చేయించుకున్నారు. అవి హోరును తగ్గించి, స్వరాన్ని చెడకుండా లోపలికి పంపుతాయి.

అంతకు ముందు నేను పేషంట్లను ఏం వినిపించడం లేదని అడిగేదాన్ని. వినిపించనిదాని గురించి మనిషికి ఏం తెలుస్తుంది? ఇప్పుడు కేస్ షీట్ తీయగానే, అన్నిటికంటే ఏది ఇష్టంగా వింటారని అడుగుతాను. ఈమధ్య పెద్దవంగర నుంచి వచ్చిన ఒక రైతు చాలాసేపు ఆలోచించి, బోరు మోటరు అన్నాడు. దాని చప్పుడును బట్టే, నీళ్ళు పడుతున్నదీ లేనిదీ ఇంటి కాడ పండుకుని చెప్పేవాడట. ఈ ఎండాకాలం నీళ్ళు ఆగిపోవడం పసిగట్టలేకపోయాడు, మోటరు కాలిపోయింది. ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పమని, ఆయన చెబుతుండగా రాసుకున్నాను. పరీక్ష ఆ తర్వాత మొదలుపెట్టాను.