మాడుచెక్క అంటే ఇష్టం

నెలకోసారైనా సంగ్‌చుల్ గ్వాంగ్జు నుంచి బస్సులో మొక్పో వచ్చి, చేపల బజారు వెనక సందులో ఉన్న అక్క కొట్టుకి వెళ్ళేవాడు. చేతిలో ఎప్పుడూ ఒకటే సంచి. అందులో మాడుచెక్కలు. ఇనప పెనం మీద అన్నాన్ని పలచగా పరిచి, ఎర్రగా అయ్యేదాకా కాల్చి, ఊడదీసి అమ్మేవి. గ్వాంగ్జులో ఒక ముసలామె దగ్గరే కొనేవాడు. మిషను మీద చేసినవి అక్కకు సయించవని అతని నమ్మకం.

"మళ్ళీ ఎందుకు తెచ్చావురా, పోయినసారివే ఉన్నాయి," అంటూ బున్‌రే ఆ సంచి అందుకుని కిమ్చీ పచ్చడి డబ్బాల వెనక అరలో పెట్టేది. తమ్ముడు బస్సెక్కాక పక్క కొట్టు మల్‌న్యోని కేకేసేది.

"ఏమే, వచ్చాయి. పట్టుకుపో."

"మీ తమ్ముడు నా పళ్ళ మీద పగబట్టాడే తల్లీ. వీటితోనే కదా నా దవడ పన్ను పోయింది. ఒక్కసారి నోరు తెరిచి వద్దని చెప్పరాదూ?"

"పాపం, అంత దూరం నుంచి మోసుకొస్తాడు."

"మోసేది వాడు, నమిలి చచ్చేది నేను. మధ్యలో పుణ్యం నీకు!"

బున్‌రేకి డెబ్బై దాటాయి. పడవ మీద పనిచేసే భర్త ఏనాడో పోయాడు. పిల్లలు లేరు. నువ్వుల నూనె కలిపిన ఆకుకూరలు, కారం పట్టించిన ఎండుచేపలు, నాలుగు రకాల కిమ్చీ అమ్ముకుని బతుకుతోంది. పొద్దున్నే కొట్టు తెరవకముందు, మల్‌న్యోతో కలిసి, వయసు మళ్ళిన ఆడవాళ్ళకి చదువు చెప్పే బడికి వెళ్ళొస్తుంది. మిడిల్ స్కూల్ పట్టా పరీక్షలో లెక్కలతో సహా అన్నీ గట్టెక్కాయి. కొరియన్ ఒక్కటే మిగిలిపోయింది.

"లెక్కలు పాసై, తల్లి కడుపులోంచి వచ్చిన భాషలో తప్పినదాన్ని నిన్నే చూశానే," అని మల్‌న్యో ఏడిపించేది.

"అది మనం మాట్లాడే భాష కాదే. వాళ్ళు ఒకటి రాస్తారు, దానర్థం ఇంకోటంటారు. పోనీ అదేదో వాళ్ళే చెప్పి ఊరుకుంటారా అంటే, నాలుగు జవాబులిచ్చి మనల్నే ఏరుకోమంటారు."

ఆ వసంతంలో ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. నొప్పి వీపులోకి పాకాక పెద్దాసుపత్రికి వెళ్ళింది. డాక్టరు క్లోమంలో కాన్సర్ అన్నాడు, ఆలస్యమైపోయిందన్నాడు, కోసినా లాభం లేదన్నాడు.

"ఆగస్టు దాకా ఉంటానా బాబూ?"

"ఆగస్టులో ఏముందమ్మా?"

"పరీక్ష."

అతను ఆగస్టుకి ఫరవాలేదన్నాడు. ఆ తరవాతి పరీక్ష మళ్ళీ ఏప్రిల్లో. దాని సంగతి ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.

కబురు తెలిసినప్పటి నుంచి సంగ్‌చుల్ ప్రతి శనివారం వచ్చాడు. అరవై దాటినా గ్వాంగ్జులో ట్యూషన్ సెంటరు పిల్లలకు అతను ఇంకా సాహిత్యం చెబుతున్నాడు. అతని పద్ధతి అందరికీ తెలిసిందే. కథలో ముఖ్యమైన వస్తువు దొరకగానే ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టించి, అక్కణ్ణుంచి పక్క ఖాళీలోకి గీత లాగించి, గీత చివర ఒక్క మాట రాయిస్తాడు. మంచు, స్వచ్ఛత. మూసిన తలుపు, తెగిన బంధం. అతని పిల్లల పుస్తకాలు తట్టు పోసినట్టు ఉంటాయి. అతను సున్నా చుట్టించినచోట ప్రశ్న పడకుండా పోదని తల్లిదండ్రులు చెప్పుకుంటారు. ఇప్పుడు అక్క చేతిలోనూ ఎర్ర పెన్ను పెట్టాడు. కూరల పళ్ళేలు ఓ పక్కకి జరిపి, కొట్టులోని బల్ల మీదే పాఠం.

జూన్‌లో ఒక శనివారం, బడుల్లో తరాలుగా చెబుతున్న ఓ పాత కథ దగ్గరికి వచ్చారు. కరువు రోజుల కథ. అందులో అక్క కుండలో బార్లీ పోసి, మధ్యలో గుప్పెడు తెల్లబియ్యం గుట్టగా పోస్తుంది. ఉడికాక ఆ తెల్లన్నం చెదరకుండా గరిటెతో తీసి తండ్రికీ తమ్ముడికీ పెడుతుంది. తల్లికి బార్లీ. తమ్ముడు తన గిన్నె అక్క వైపు తోస్తే, "నాకు మాడుచెక్కంటే ఇష్టంరా," అని కుండ అడుగు గీక్కుంటుంది. చివర తమ్ముడి చదువు కోసం పట్నంలో మిల్లు పనికి వెళ్ళిపోతుంది.

"మాడుచెక్క చుట్టూ సున్నా చుట్టు," అన్నాడు సంగ్‌చుల్. "గీత లాగి, త్యాగం అని రాయి. రెండు మూడేళ్ళకోసారి ఇది పడుతూనే ఉంటుంది."

బున్‌రే సున్నా చుట్టింది. గీత లాగలేదు. "ఆ పిల్లకి నిజంగా మాడంటే ఇష్టమేనంటావా?"

"ఇష్టం లేదనే కదక్కా కథంతా! లేకపోయినా ఇష్టమంది. అందుకే త్యాగం. ఆ మాట పట్టుకోలేనివాడికి కథ అర్థం కానట్టే." అలా అంటూనే అతను పక్కనున్న సంచిలోంచి ఒక మాడుచెక్క తీసి, ఫెళ్ళున విరిచి, పెద్ద ముక్క ఆమె ముందు పెట్టాడు. "తిను. నీకని తెచ్చాను."

పక్క కొట్లో మల్‌న్యో చేప కడుగుతూ ఆగిపోయింది.

బున్‌రే ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. "పిల్లలకి కూడా ఇలాగే చెప్తావా?"

"ఇంకా బాగా చెప్తాను. ఈ కథ వచ్చినప్పుడల్లా నీ సంగతి చెప్తాను. మా అక్క మిడిల్ స్కూల్ ప్రవేశ పరీక్ష పాసై కూడా, నాన్న దగ్గర కూచుని, నేను మిల్లుకి పోతాను, తమ్ముణ్ణి చదివించండి అందని. ఆడపిల్లలు కళ్ళు తుడుచుకుంటారు."

"నీకెవరు చెప్పారు?"

"అమ్మే. ఎన్నిసార్లు చెప్పిందో! అలా కాదా?"

దాదాపు అరవై ఏళ్ళ కిందట, హేనామ్ దగ్గర తమ పల్లెలో, ఆ రోజు పొద్దున బున్‌రే బావి దగ్గర నుంచి వచ్చేసరికి, మిల్లుకి ఆడపిల్లల్ని తీసుకెళ్ళే మనిషి అరుగు మీద కూర్చుని ఉంది. మూట కట్టేసి ఉంది. బడి యూనిఫాంకి కొలతలు ఇచ్చివచ్చి వారం తిరగలేదు. కుట్టొద్దని దర్జీకి చెప్పడానికి నాన్న అప్పటికే బయల్దేరాడు. "పెద్దదే పోతానంటోంది, దానికి తమ్ముడంటే ప్రాణం," అని అమ్మ ప్రహరీ అవతల పక్కింటామెతో అంటోంది. బున్‌రే బిందె దించి, తడి చేతులు పావడాకు తుడుచుకుని, మూట తీసుకుంది.

"ఆఁ, అలాగే జరిగింది," అంది తమ్ముడితో. గీత లాగి త్యాగం అని రాసింది. చేతిలోని ముక్క కొరికింది.

వేసవిలో ఆమె బాగా చిక్కిపోయింది. మందు ఎక్కించిన రోజు అక్షరాలు అలుక్కుపోయేవి. అయినా కూరలు కలుపుతూ, "మంచు, స్వచ్ఛత, మూసిన తలుపు, తెగిన బంధం," అని గొణుక్కునేది. పట్టా వస్తే ఎక్కడ పెట్టాలో కూడా చూసుకుంది. భర్త ఫొటో పక్కన, నూనె తగలనిచోట.

ఆగస్టులో పరీక్ష రాసింది. బయట పొడుగాటి మల్‌న్యో గొడుగు పట్టుకుని నిలబడింది. ఆమె కూడా అదే హాల్లో రాసి ముందే లేచివచ్చింది.

"మీ తమ్ముడి నోట్లో పంచదార పొయ్య! మాడుచెక్క కథ పడిందే! నేను కళ్ళు మూసుకుని రెండు పెట్టా. నువ్వూ పెట్టావుగా?"

"ఎండగా ఉంది, పద," అంది బున్‌రే.

ఫలితాల్లో మల్‌న్యో గట్టెక్కింది. బున్‌రే ఒక్క ప్రశ్న తేడాలో తప్పింది.

సంగ్‌చుల్ ఆ శనివారం రాగానే ప్రశ్నపత్రం ఇమ్మన్నాడు. ఆమె జవాబుల మీద గీతలు పెట్టుకున్న కాగితం అది. ఎర్ర పెన్ను తీసి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, ఓ చోట ఆగాడు.

"ఇదేంటక్కా? మూడు పెట్టావేం?"

ఆమె ముల్లంగి తరుగుతోంది.

"ఇది మనం చదివిందే కదా. రెండు, తమ్ముడి కోసం ఇష్టంతో చేసిన త్యాగం. మూడోదేమో పెద్దల మీద పైకి చెప్పుకోలేని కోపం. ఎక్కడి త్యాగం, ఎక్కడి కోపం? కళ్ళు తిరిగాయా? నొప్పొచ్చిందా?"

"నొప్పి లేదు. రెండని తెలుసు."

"తెలిసీ?"

"పైన ఏమడిగారో చదువు."

అతను విసుగ్గా చదివాడు. "ఈ మాట అంటున్నప్పుడు అక్క మనసులో ఉన్నది ఏది?"

"ఆ మాట నన్ను ఎవరూ అడగలేదురా." కత్తి ఆగలేదు. "అమ్మ అడగలేదు. నాన్న అడగలేదు. మిల్లులో ఎవరడుగుతారు? పెళ్ళప్పుడూ అంతే. ఇన్నాళ్ళకి ఎవరో కాగితం మీద అడిగారు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు."

"పరీక్షక్కా అది! నిన్ను అడిగింది కాదు."

"తెలుసు."

"అక్కడ రెండు పెట్టి ఉంటే పట్టా చేతిలో ఉండేది!"

"నాకు కావాలనే ఉందిరా పట్టా." ఇప్పుడు కత్తి ఆగింది. "హాల్లోంచి వచ్చిన రోజే తెలుసు పోయిందని. ఇంటికెళ్ళి ఏడ్చాను. ఆ కాగితం మళ్ళీ ఇస్తే రెండు పెడతానేమో. అప్పుడు మాత్రం చెయ్యి రాలేదు."

సంగ్‌చుల్ పెన్ను మూత పెట్టాడు. తరవాత అతని చూపు కిమ్చీ డబ్బాల వెనక అర మీదికి పోయింది. పోయిన శనివారం అతను తెచ్చిన సంచి, ముడి విప్పకుండా, అలాగే ఉంది.

"మరి ఇవి?"

"నన్నడుగు మాస్టారూ," అంది పక్క కొట్లోంచి మల్‌న్యో. "ఇన్నేళ్ళూ నమిలిన నోరిది." అని, తన మాట తనకే ఎలాగో అనిపించి, కొళాయి తిప్పేసింది.

"నాకు మాడంటే ఇష్టమని నువ్వే అన్నావు కదక్కా," అన్నాడు అతను. గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

"అన్నాను. నీకప్పుడు బడి ఈడైనా రాలేదు. నీ తెల్లన్నం గిన్నె నా వైపు తోశావు. అమ్మ చూస్తోంది. ఏదో ఒకటి అనాలి కదా. నిన్ను అనలేదురా నేను ఏనాడూ. నువ్వు తోశావు గిన్నె. అది నాకు గుర్తే."

ఆ రోజు వెళ్ళేటప్పుడు అతను సంచి తీసుకుపోయాడు. బస్టాండులో దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని గ్వాంగ్జు దాకా మోశాడు.

అక్టోబరులో ట్యూషన్ సెంటరులో అదే కథ వచ్చింది. పిల్లలు సున్నా చుట్టి, గీత లాగి, ఎర్ర పెన్నులు పట్టుకుని కూచున్నారు.

"త్యాగం," అన్నాడు. "పరీక్షకి అదే రాయండి."

"మీ అక్క సంగతి చెప్తారటగా సార్? పోయినేడు మా అక్క విని ఏడ్చిందట."

"అది నాకు సరిగ్గా తెలియదమ్మా," అని పేజీ తిప్పాడు.

చలికాలం వచ్చేసరికి బున్‌రే ఆసుపత్రి మంచం దిగడం మానేసింది. కొట్టు తాళం మల్‌న్యో దగ్గరుంది. సంగ్‌చుల్ ట్యూషన్లు వదిలేసి, మొక్పోలోనే గది తీసుకున్నాడు. వంట ఎన్నడూ చేసినవాడు కాదు. కొత్తబియ్యం కొని, మూడుసార్లు కడిగి, ఇనప కుండలో అన్నం వండాడు. బార్లీ గింజ కలపలేదు. రెండుసార్లు చెడగొట్టాక మూడోసారి మెతుకు మెతుక్కీ అంటకుండా తెల్లగా వచ్చింది. మూతగిన్నెలో పెట్టి, తువ్వాలు చుట్టి, కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు.

మూత తీయగానే ఆవిరి లేచింది. బున్‌రే తల తిప్పి చూసింది.

"నువ్వే వండావా?"

"నేనే."

"నీళ్ళు బాగానే పోశావే."

చెంచాతో కొంచెం నోట్లో పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుంది. చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. గొంతు కదిలింది కానీ దిగలేదు. అతను ఆమె నోటి కింద చెయ్యి పట్టాడు. మెతుకులు నలగకుండా అలాగే అతని అరచేతిలోకి వచ్చాయి.

"దిగట్లేదురా," అంది. "బాగుంది. దిగట్లేదు."

నర్సు వచ్చి చూసి, ఇలాంటివాళ్ళకి దిగేది ఒక్కటేనని చెప్పింది. మాడుచెక్క నీళ్ళలో వేసి మెత్తగా కాచిన గంజి. ఆసుపత్రి వంటింట్లో ఎప్పుడూ ఉంటుంది. కాసేపట్లో ఒక గిన్నె తెచ్చిపెట్టి వెళ్ళింది. పల్చటి గోధుమరంగు నీళ్ళు, అడుగున నానిన ముక్కలు, మాడు వాసన.

సంగ్‌చుల్ చెంచా ముంచాడు. ఊది చల్లార్చాడు. ఆమె పెదవుల దాకా తెచ్చి ఆగాడు.

"అక్కా, నీకిది ఇష్టమేనా?"

బున్‌రే అతని మొహంలోకి చూసింది. ఆ ప్రశ్న పూర్తిగా వినడానికన్నట్టు కొంచెంసేపు చూసింది.

"లేదురా," అంది. "పెట్టు."