ఖాళీ ఫోల్డర్ బరువు

మా బాపు శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి దిగేవాడు. శనివారం భజనల్లో పాడేవాడు. ఆ పాటలన్నీ క్యాసెట్లలో ఉండేవి. బాపు పోయాక వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ఏ పాట ఎవరు పాడారో నాకు తెలియదు కాబట్టి, పేర్లు టైపు చేసే పని మా అమ్మకు, అదే మా అవ్వకు, అప్పగించి డ్యూటీకి పోయేదాన్ని. ముందు పాడినవాళ్ల పేరు, తరువాత పాట పేరు రాసి, ఎవరివి వాళ్ల ఫోల్డర్‌లో వేయమన్నాను. అంగన్‌వాడీలో పనిచేసిన మనిషి, ఆమాత్రం వచ్చు.

తరువాత నస్పూర్‌లోని మా ఇంట్లో వైఫైకి ఒక చిన్న పెట్టె తగిలించి, ఆ ఫోల్డర్లన్నీ తెరిచి చూడకుండానే అందులో వేశాను. టీవీలో నొక్కితే పాట వస్తుంది. గొప్ప పని చేశాననుకొని లాప్‌టాప్ మొత్తం తుడిచి వేరేవాళ్లకు ఇచ్చేశాను. క్యాసెట్లంటారా, టేపులు తెగి, బూజు పట్టి ఎప్పుడో చెత్తబండి ఎక్కాయి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అవ్వను టీవీ ముందు కూర్చోబెట్టాను. బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు పాడినవి వచ్చాయి. భజన జట్టులో మిగతావాళ్లవీ వచ్చాయి. బాపువి ఒక్కటీ లేదు.

“మీ బాపుయి లెవ్వా?” అంది అవ్వ.

“ఉన్నయవ్వా, జర ఆగు.”

పెట్టెను ఆపి మళ్లీ వేశాను. పాటలన్నీ కొత్తగా వెతకమన్నాను. ‘బాపు’ అని నేను పెట్టిన ఫోల్డర్ ఉంది, తెరిస్తే ఖాళీ. కానీ ఆ ఖాళీ ఫోల్డర్ పెద్దబాపు ఫోల్డర్ కన్నా ఎక్కువ చోటు తింటోంది. ఏమీ లేనిదానికి అంత బరువెక్కడిది? పెట్టె మీది పచ్చలైటు కొట్టుకుంటూనే ఉంది.

ఆ మాటే అవ్వకు చెప్పాను. అవ్వ ఏమాత్రం కంగారు పడలేదు.

“ఇంట్లనే ఉన్నడు. కనవడ్తలేడు, గంతే.”

భయమేస్తే నాకు ముందు కోపమొస్తుంది. “నువ్వు జర సప్పుడు జెయ్యకవ్వా” అని కసిరాను.

చివరికి, దాచిన ఫైళ్లను కూడా చూపించే సెట్టింగ్ దొరికింది. నొక్కగానే ఫోల్డర్ నిండిపోయింది. ప్రతి పేరూ చుక్కలతో మొదలైంది. చుక్కలు, హారతి. చుక్కలు, మేలుకొలుపు. పేరు ముందు చుక్క ఉంటే దాచమన్నారనుకుంటుంది ఆ పెట్టె, ఎవరికీ చూపించదు.

“గీ చుక్కలేందవ్వా?”

“పాడినోళ్ల పేరు ముంగట రాయమంటివి. మొగని పేరు నేనెట్ల రాస్త బిడ్డా?”

కాపురం చేసినన్నాళ్లూ ఆ పేరు పలకలేదు. మనిషి పోయినా పలకలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చుక్కలు తీసేసి నేనే బాపు పేరు టైపు చేశాను. హారతి పెడితే ముందు దగ్గు, తరువాత గొంతు. అవ్వ కొంగు తల మీదికి లాక్కుంది.

అన్నిటికన్నా కింద ఒకటి మిగిలింది. దానికి పాట పేరు లేదు, ఒట్టి చుక్కలే.

“అది వద్దు” అంది అవ్వ. అప్పటికే నొక్కేశాను.

పాట కాదు. మా వంటింట్లో గిన్నెల చప్పుడు, తరువాత అవ్వ గొంతు. “ఇగో, తిన్నవా?” చాలాసేపు ఏమీ లేదు. “ఉప్పెక్కువైందా? నిన్న గూడ గట్లనే అంటివి.” మళ్లీ ఏమీ లేదు. ఆ తరువాత అవ్వ చిన్నగా నవ్వింది. బాపు పోయాక ఆ నవ్వు నేను వినలేదు.

నేను ఎక్కించిన క్యాసెట్లలో ఇది లేదు, లాప్‌టాప్‌లోనే రికార్డు చేసింది. ఆ లాప్‌టాప్ ఇంటికి వచ్చిందే బాపు పోయాక. నేను డ్యూటీకి పోతే ఇంట్లో ఉండేది అవ్వ ఒక్కతే.

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ టీవీ వైపే చూస్తోంది.

“ఆయన గొంతు గూడ పడ్తదేమోనని రికార్డు నొక్కిన” అంది. “నాకైతే దీంట్ల ఇనవడ్తలేదు. నీకేమన్న ఇనవడ్డదా బిడ్డా?”

సౌండు పెంచి మళ్లీ మొదటినుంచి పెట్టాను.