పామిడి దాకా మోగిన చక్రం

నాయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. బత్తలపల్లెలో కంటి డాక్టరు ఉదయం పదకొండుకు రమ్మన్నారు. గుంతకల్లు నుంచి బస్సులు మారుతూ వెళ్లడం ఆయనకు కష్టమని మా పాత కారులో బయలుదేరాము. లైసెన్సు వచ్చి ఏడాదైనా హైవే మీద నడపడం నాకు అదే మొదలు. ముప్పై ఏళ్లు రైలింజను నడిపిన మనిషి పక్కన కూర్చుంటే చేతులు సరిగా ఆడవు.

ఆరింటికి బయలుదేరి గుత్తి దగ్గర హైవే ఎక్కేసరికి ఏడు కావస్తోంది. వేగం అరవై దాటగానే కింద నుంచి మోత మొదలైంది, పక్క గదిలో గ్రైండరు తిరుగుతున్నట్టు. రోడ్డు గరుకేమో అనుకున్నాను. రోడ్డు నున్నగా మారింది, మోత మారలేదు. కుడివైపు వంపు వచ్చినప్పుడల్లా పెరిగింది. స్టీరింగు సన్నగా వణికింది. లారీలు దాటిపోతుంటే, చక్రం ఊడితే ఎటు పడతామో ఊహించుకుంటూ నడిపాను. చెబితే నాయన స్టీరింగు తీసుకుంటాడు. ఆయనకు ముందున్న లారీ నంబరే కనిపించదు. అందుకని రేడియో పెంచాను.

కాసేపటికి ఆయన దాన్ని ఆపేశాడు.

"గుత్తి కాడ్నుంచి ఆ మోత ఇంటాండా పాపా. చెబితే బెదురుతావని ఊరుకున్నా. ముప్పై దాటకుండా పోనీ. పామిడిలో చూపిద్దాం."

పామిడి చేరేసరికి ఎనిమిది. రోడ్డు పక్కన మెకానిక్కు మస్తానన్న తన షెడ్డు అప్పుడే తెరిచాడు. కింద మోత వస్తోందని నాయన చెప్పాడు. మస్తానన్న నన్ను అడిగాడు.

"యా పక్క తిప్పితే ఎక్కువైతాందమ్మా?"

"కుడికి."

"అట్లయితే ఎడమ చక్రం. కుడికి తిప్పితే బరువు దాని మీద పడతాది."

జాకీతో ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్కుటక్కుమంది. తర్వాత చక్రం తిప్పుతూ, లోపలి స్ప్రింగు మీద నన్ను చెయ్యి పెట్టమన్నాడు. ఇసుక నలుగుతున్నట్టు వేళ్లకు తెలిసింది. బేరింగు పోయిందన్నాడు.

అనంతపురంలో షాపు పదింటికి తెరిచాక కొత్త బేరింగు బస్సులో రావడానికి గంటన్నర పట్టింది. ఈలోగా బ్రేకు భాగాలు విప్పి, పక్క షాపులోని ప్రెస్సు మిషనుతో ఒత్తించి పాత బేరింగును బయటికి నెట్టించాడు. లోపల గ్రీజు కాఫీ రంగులో ఉంది.

"గ్రీజులో నీళ్లు కలిసినాయి. కారును నీళ్లల్లో దించినారా పెద్దాయనా?"

"ఏమప్పా, ఈ సీమలో కారు మునిగే నీళ్లు యాడుండాయి?" అని నాయన నవ్వాడు. ఆ వెంటనే నవ్వు ఆపేశాడు.

నాకూ గుర్తొచ్చింది. పోయినేడు పెన్నకు నీళ్లొచ్చాయంటే చూడటానికి ఇక్కడికే వచ్చాము. టెంకాయ కొట్టి, కారుకు కూడా నీళ్లు తగలాలని నాయన దాన్ని నదిలోకి దించాడు. ఫొటో తీసింది నేనే.

"సిగ్గు పడొద్దులే. అప్పుడు సగం ఊరు బండ్లు దించింది. వాళ్లంతా నెలలోపే నా దగ్గరికి వచ్చినారు. మీరే ఆలస్యం," అన్నాడు మస్తానన్న. తర్వాత కుడి చక్రం తిప్పి చూశాడు. "ఇది ఇప్పటికి బాగుండాది. అయితే ఇదీ ఆ నీళ్లే తాగింది. జాగ్రత్తమ్మా."

బేరింగు పంతొమ్మిది వందలు, కూలి పదకొండు వందలు. పని ముగిసేసరికి పన్నెండున్నర. ఆసుపత్రికి ఫోను చేస్తే మూడులోపు రమ్మన్నారు. హైవే ఎక్కాక మోత లేదు, కానీ నా భయం తగ్గలేదు. ఆ నిశ్శబ్దంలో కుడి చక్రం కోసమే చెవులు రిక్కించాను. ఆ ధ్యాసలో నేను బండిని పక్కకు పోనివ్వడం నాయన గమనించాడు.

"పాపా, నువ్వు రోడ్డు చూడు. చక్రం సంగతి నేను ఇంటా. నాకు పోయింది కండ్లే."

రెండింటికి బత్తలపల్లె చేరాము. ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. ఆ రోజూ నేనే నడపాలి, భయం ఇప్పటికీ ఉంది. అయితే ఒకే భయాన్ని ఇద్దరం పక్కపక్కన కూర్చుని దాచుకున్న ఆ దూరమే నాకు ఎక్కువ గుర్తుంది. ఈ దారిన వచ్చేవారు హైవే ఎక్కాక రేడియో ఆపి కొద్దిసేపు వినండి. వేగంతో పాటు పెరిగే మోత, వంపులో మారే మోత వినిపిస్తే వేగం తగ్గించి, పక్కనున్న మనిషికి వెంటనే చెప్పండి.